గావ్రిలో మాస్టారి ఓవెన్

ఓవెన్ తలుపు తీయగానే విదోయె తల లోపలికి పెట్టి వాసన చూశాడు. పాత యంత్రం కొనాల్సివచ్చినప్పుడు అతను మొదట చేసే పని అది. మాడిన వైరు వాసన వస్తే ఇంకేమీ చూడకుండా వెనక్కి తిరుగుతాడు.

"ఏమొస్తోంది?" అంది తియానా.

"కొవ్వొత్తుల వాసన. చర్చిలో తల పెట్టినట్టుంది."

"ప్లాస్టిక్ రేకు సరిగ్గా కాగితే వచ్చే వాసన అదే అబ్బాయ్," అన్నాడు వెనకనుంచి గావ్రిలో మాస్టారు. "మాడితే ఊరంతా తెలుస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఊరికి తెలిసింది రెండుసార్లే."

తియానా, ఆమె పెదనాన్న కొడుకు విదోయె పొద్దున్నే తమ ఊరు క్రాగుయెవాత్స్‌లో వ్యాను ఎక్కి మధ్యాహ్నానికి మాస్టారి ఊరు సోంబోర్ చేరారు. దారి పొడుగునా మొక్కజొన్న కోతలు, అద్దాల మీద పొట్టు. వాళ్ళిద్దరిదీ చిన్న వర్క్‌షాపు. వెన్ను వంకరగా పెరిగే పిల్లలకు ఒంటికి తొడిగే ప్లాస్టిక్ కవచాలు చేస్తారు. కొలతలు తీయడం, తొడిగి సరిచూడడం తియానా పని. యంత్రాలు, కత్తిరింపులు విదోయెవి. వాళ్ళ ఓవెన్ ఆగస్టులో కాలిపోయింది. అప్పటినుంచి పదకొండు మంది పిల్లల ప్లాస్టర్ అచ్చులు అలమారలో వరసగా నిలబడి ఉన్నాయి, తలలూ కాళ్ళూ లేని చిన్న చిన్న మొండాలు. వాటి పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా తియానాకు వాళ్ళు తనను చూస్తున్నట్టే ఉంటుంది. పెరిగే పిల్లలు, అచ్చులు మాత్రం పెరగవు. ఇంకో నెలైతే మళ్ళీ కొలతలు తీయాల్సిందే.

ఇలాంటి కవచాలకు పేరుపడ్డ గావ్రిలో మాస్టారు షాపు మూసేస్తున్నాడని తెలిసిన రోజునే ఆమె ఫోన్ చేసింది. ధర ఫోన్లోనే కుదిరిపోయింది. ఇప్పుడు వచ్చింది చూసుకుని, ఎక్కించుకుని పోవడానికే.

ఓవెన్ పసిపిల్లల మంచం అంత ఉంటుంది. గోడవారగా మూలలో ఉంది. లోపల ఇవతలికి జారే పళ్ళెం, పైన, కింద వేడి తీగలు. పక్కన గాలి లాగే పంపు. విదోయె తలుపు అంచు వెంబడి వేలు పోనిచ్చాడు. వేడి బయటికి పోకుండా అంచు చుట్టూ కాలని నారతాడు కుట్టి ఉంది. కుట్లు చిన్నవి, అన్నీ ఒకే కొలత.

"ఇదెవరు కుట్టారు మాస్టారూ? యంత్రంతో కుట్టినట్టుందే."

"ఇంట్లోనే," అన్నాడు మాస్టారు. "కుడివైపు వెనక మూల కాస్త బద్ధకం. ఆలస్యంగా కాగుతుంది. ముందే చెబుతున్నా, తర్వాత తిట్టుకోవద్దు."

మాస్టారు నిండైన మనిషి, తెల్లటి మీసం, గదిలో మూలమూలకీ వినబడే గొంతు. కుడిచెయ్యి ఎప్పుడూ కోటు జేబులోనే ఉంటుంది. అతని భార్య కొసారా చిన్న గిన్నెల్లో చెర్రీ పాకం, నీళ్ళు, కాఫీ పట్టుకొచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. ఏప్రన్ జేబులో కత్తెర. కాఫీ పళ్ళెం బల్లమీద పెట్టి, విదోయె తెరిచి వదిలేసిన ఓవెన్ తలుపు మోకాలితో మూసి ఓ పక్కన నిలబడింది.

తియానా గోడకు తగిలించిన పాత కవచం ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. చదువుకునే రోజులనుంచీ ఆమెకు ఇదొక పిచ్చి. గావ్రిలో మాస్టారి కవచం ఎక్కడ కనబడినా ఇలాగే పట్టి చూసేది. ఎవరు చేసినా నడుం మడత దగ్గర ప్లాస్టిక్ పలచబడుతుంది, ఏడాదికి అక్కడే చీలుతుంది. ఇందులో ఆ మడత దగ్గర కూడా మిగతా ఒళ్ళంత మందం ఉంది. అంచు మీద గోరు ఆగలేదు.

"మాస్టారూ, ఓవెన్ ఎక్కించే ముందు మీరు ఒక్క రేకు అచ్చు మీదికి దించుతుంటే చూడాలి. మీ చేతులు చూడాలి. అందుకే ఇంత దూరం నేనే వచ్చా, లేకపోతే అన్నయ్యనొక్కడినే పంపేదాన్ని."

మాస్టారు కాఫీ కప్పులోకి చూశాడు. "రేపు ఇస్క్రాది ఉంది. ఇక్కడి పిల్లే. అదే ఆఖరిది. చూద్దువుగాని."

*

మర్నాడు పొద్దున ఇస్క్రా ప్లాస్టర్ అచ్చు గొట్టానికి బిగించి అడ్డంగా పడుకోబెట్టి ఉంది. కొసారా దానికి మేజోడు లాంటి పొడవాటి అల్లిక గుడ్డ తొడుగుతోంది. పిల్లకు చొక్కా తొడిగినట్టు భుజాల దగ్గర సర్ది, నడుం మీద ముడతల్ని అరచేత్తో దువ్వింది. తర్వాత తెల్లటి రేకు కొలిచి కోసి, పళ్ళెం మీద పరిచి, లోపలికి తోసింది. మాస్టారు చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, పౌడరు రాసుకుని, ఓవెన్‌కు ఎదురుగా నిలబడ్డాడు. తియానా కూడా గ్లవ్స్ తొడుక్కుని అతని పక్కకు చేరింది. విదోయె పంపు దగ్గర చతికిలబడి దాని చప్పుడు వింటున్నాడు.

మాస్టారు కథ మొదలుపెట్టాడు. ఆ చుట్టుపక్కల బాచ్కా పల్లెల్లో ఓ రైతు కొడుకు కవచం తొడుక్కుని చెట్టెక్కి, కొమ్మ చీలి, కవచం ఇంకో కొమ్మకు తగులుకుని, చొక్కా కాలర్‌తో వేలాడినట్టు మధ్యలో వేలాడాడట. "దింపి చూస్తే పిల్లాడికి గీత కూడా పడలేదు. వాళ్ళ నాన్న వచ్చి, గుర్రానికి కూడా ఒకటి చేసిపెట్టమన్నాడు."

విదోయె పకపకా నవ్వాడు. తియానా నవ్వుతూనే మాస్టారి చేతుల్ని చూస్తోంది. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఈలోగా కొసారా తలుపు బెత్తెడు తెరిచింది. గోడకూ ఓవెన్‌కూ మధ్య సందు లేక, నడుం మెలి తిప్పి గ్లవ్స్ చెయ్యి లోపలికి పోనిచ్చి, ఒక్క ఊపులో రేకును అటుదిటు తిప్పింది. తలుపు మూసింది. వెనక మూల బద్ధకానికి అదన్నమాట విరుగుడు. మాస్టారు కథ ఆపలేదు.

ఇంట్లో ఫోన్ మోగింది. పిల్లల్ని పంపే క్లినిక్ డాక్టరు రోజూ చేసే వేళ. మాస్టారు ఓవెన్ వంక చూశాడు, భార్య వంక చూశాడు.

"వెళ్ళు," అంది కొసారా.

అతను వెళ్ళాడు. తియానా కంగారుగా ఓవెన్ తలుపు అద్దంలోంచి చూసింది. పాలలా తెల్లగా ఉన్న రేకు అంచులనుంచి నీళ్ళలా అవుతోంది. కాసేపటికి దాని కింద పళ్ళెం మేకులు కనబడ్డాయి.

"పిన్నిగారూ, అయిపోవచ్చింది. మాస్టార్ని పిలవనా?"

కొసారా ముక్కు ఎగబీల్చి వాసన చూసింది. "ఇంకా లేదు." పది లెక్కపెట్టేంతసేపు నిలబడింది. "ఇప్పుడు. అమ్మాయ్, గ్లవ్స్ వేసుకున్నావుగా? ఆ చివర పట్టుకో. లాగకు. నీకు లాగాలనిపించినా లాగకు, అదే వస్తుంది."

పళ్ళెం ఇవతలికి జారింది. వేడి మొహానికి కొట్టింది. రేకు అద్దంలా ఉంది, తడిపిన పిండిలా బరువుగా వేలాడింది. ఇద్దరూ ఎత్తి అచ్చు మీద పరిచారు. కొసారా చేతులు అప్పటిదాకా నెమ్మదిగా ఉన్నవి ఒక్కసారి వేరే మనిషివైపోయాయి. రెండు అంచులూ కిందికి తెచ్చి, దగ్గరికి నొక్కుకుంటూ ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చింది. కాలితో పంపు మీట తొక్కింది. రేకు కింది గాలిని పంపు లాగేస్తుంటే సూప్ జుర్రినట్టు చప్పుడైంది. రేకు అచ్చుకు అతుక్కుంటుండగా ఆమె అరచేతి మొదలుతో పొట్టమీదనుంచి ప్లాస్టిక్‌ను నడుం మడతలోకి తోసింది, ఈ పక్క, ఆ పక్క, మళ్ళీ ఈ పక్క. జేబులోంచి కత్తెర తీసి మిగిలిన అంచును గుడ్డ కత్తిరించినట్టు కరకరా కత్తిరించేసింది.

అంతా నిమిషం కూడా పట్టలేదు. తియానా చేతులు గాల్లోనే ఉన్నాయి. పంపు దగ్గర విదోయె లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

మాస్టారు తిరిగొచ్చేసరికి కొసారా కింద పడ్డ ముక్కలు ఏరుతోంది. ఆయన ఎడమచేత్తో కవచం నడుం మీద నిమిరి, "బాగా దిగింది," అన్నాడు. ఆ మాట తియానాతో కాదు, విదోయెతో కాదు. కొసారా తల ఎత్తకుండానే "ఊఁ" అంది.

పదకొండింటికి ఊరి వారపత్రిక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. మాస్టారు షాపు మూసేయడం గురించి వేస్తున్నారట. హడావిడి మనిషి. వస్తూనే మాస్టార్ని కవచం వెనక నిలబెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించమన్నాడు.

"పిన్నిగారూ, కాస్త అటు జరగండి. మీ ఏప్రన్ ఫొటోలో పడుతోంది."

కొసారా జరిగింది.

"ఆవిడ కూడా..." అన్నాడు మాస్టారు.

"లైటు నేను పట్టుకుంటాలే," అంది కొసారా గబగబా. నిజంగానే లైటు తీసుకుని ఎత్తి పట్టుకుంది.

"ఎన్ని వందల మంది పిల్లలో కదా మాస్టారూ, ఈ చేతుల మీదుగా! కదలకండి. ఆ కుడిచెయ్యి కాస్త... కదలకండి మాస్టారూ."

కుడిచెయ్యి ఆగలేదు. తెల్లటి ప్లాస్టిక్ మీద గోళ్ళు టపటపా కొట్టుకుంటున్నాయి. కొసారా లైటు తియానాకిచ్చి, వెళ్ళి భర్త మోచేయి కింద తన చెయ్యి పెట్టింది. వణుకు తగ్గింది. ఫొటోగ్రాఫర్ కెమెరా దించి మర్యాదగా ఎదురుచూశాడు, ఆవిడ చెయ్యి ఫొటోలోంచి తప్పుకునేదాకా.

లైటు పట్టుకున్న తియానాకు మొహం వేడెక్కింది. అది లైటు వేడి కాదు. తనూ నిన్న ఆ గదిలోకి వచ్చి, "మీ చేతులు చూడాలి" అని అడిగింది ఆయన్నే. కాఫీ తెచ్చిపెట్టి పక్కన నిలబడ్డ మనిషి వింటుండగా అడిగింది.

*

సాయంత్రం కొసారా చేపల పులుసు పెట్టింది. ఎర్రగా, ఘాటుగా, వెడల్పాటి సేమ్యాతో. విదోయె మూడోసారి వడ్డించుకున్నాడు. భోజనాలయ్యాక వ్యాను వెనక తలుపులు తెరిచి, ఓవెన్ కింద పరవడానికి దుప్పట్లు సర్దుతూ అన్నాడు:

"నీకు తెలిసింది నాకూ తెలిసింది. మనకెందుకు? పొద్దున ఎక్కిద్దాం, పోదాం."

"ఎనిమిదేళ్ళుగా దించేది ఆవిడేనట అన్నయ్యా. గిన్నెలు తుడుస్తూ అడిగా. ఆయన చెయ్యి వణకడం మొదలైనప్పుడు ఒక్క నెల సాయం చేద్దామనుకుందట. అంతకుముందు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. కుట్టుపనావిడ చేస్తోందంటే పిల్లల్ని ఎవరు పంపుతారు అంది."

"సరే, నిజమే. పంపరు."

"ఓవెన్ అమ్మాలా వద్దా అని ఆవిడనెవరైనా అడిగారా?"

విదోయె దుప్పటి మడత ఆపి ఆమెను చూశాడు. "అడగకు తియానా."

"ఏం?"

"అడిగితే చెబుతుంది. అప్పుడేం చేస్తాం? అలమారలో పదకొండు మంది ఉన్నారు. మన పిల్లలు వాళ్ళు. ఆ దోబ్రిలా వాళ్ళమ్మ వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తోంది. ఇలాంటి ఓవెన్ మనకు దొరకదు, కొత్తది మన వల్ల కాదు. నీకు జాలేస్తే ఆవిడకి పండక్కి మంచి శాలువా పంపు."

"జాలి కాదు," అంది తియానా. జాలి కాకపోతే ఏమిటో ఆమెకూ తెలియలేదు.

*

మూడోరోజు ఇస్క్రా వచ్చింది, అమ్మమ్మతో. పదమూడేళ్ళ పిల్ల. మొహం అంతా ముందే విసుగు పెట్టుకొచ్చింది. చేతులెత్తి నిలబడమంటే ఉరితీయడానికి నిలబడ్డట్టు నిలబడింది.

మాస్టారు ముక్కాలిపీట మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. ఎక్స్‌రే కిటికీకి ఆనించి చూశాడు, పిల్ల వీపు చూశాడు. "ఊపిరి పీల్చు. వదులు. నిన్ను కట్టేస్తున్నామనుకోకు, నీ వెన్నుకు దారి చూపిస్తున్నాం. కొసా, ఎడమ చంక కింద వేలెడు తియ్యి. వెనక మెత్త ఇంకాస్త పైకి." ఆ మాటల్లో తడబాటు లేదు. ఎక్కడ ఎంత నొక్కాలో ఆయన కంటికి తెలుసు. ఎనిమిదేళ్ళూ ఆ కన్ను, ఈ చేతులు కలిసే చేశాయని తియానాకు అప్పుడు అర్థమైంది. చేతుల సంగతి మాత్రం ఎవరూ అనలేదు, అంతే.

కొసారా చంక దగ్గర అంచు చెక్కి, గీకి, తన బుగ్గకు రాసి చూసుకుంది. మళ్ళీ గీకి, మళ్ళీ బుగ్గకు రాసుకుంది. అప్పుడు తొడిగింది.

ఇస్క్రా అటూ ఇటూ తిరిగింది. విసుగు కాస్త వదిలింది. "పోయినసారి దానికన్నా నయం. నేను మళ్ళీ పెరిగితే ఎవరు చేస్తారు?" ఆ ప్రశ్న ఆమె అడిగింది మాస్టార్ని కాదు, కొసారానే.

కొసారా తియానా వైపు చూపించింది. "ఈ అక్క చేస్తుంది. క్రాగుయెవాత్స్‌లో."

"క్రాగుయెవాత్స్?" అంది అమ్మమ్మ. "అంటే రానూపోనూ ఒక రోజు. బడి మాన్పించి..." ఆపేసి, పిల్ల కోటు బొత్తాలు పెట్టడం మొదలుపెట్టింది.

వాళ్ళు వెళ్ళాక విదోయె ఆలస్యం చేయలేదు. నేలకు బిగించిన నాలుగు బోల్టులూ విప్పి, ఓవెన్ కింద ఇనుప గొట్టాలు పెట్టి, గది మధ్యదాకా దొర్లించాడు. మూలలో అది ఉన్నచోట నేల కొత్త రంగులో బయటపడింది. మాస్టారు అమ్మకం కాగితం తేవడానికి ఇంట్లోకి వెళ్ళాడు. కొసారా పళ్ళెం బయటికి లాగి తడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచి అయిపోయింది. అయినా తుడుస్తోంది.

తియానా నోరు తెరవడం చూసి విదోయె స్పానర్ కావాలనే కింద పడేశాడు. అది పెద్ద చప్పుడే చేసింది. ప్రయోజనం లేకపోయింది.

"పిన్నిగారూ, ఇది అమ్మడం మీకిష్టమేనా?"

కొసారా గుడ్డ ఆగింది. "నా ఇష్టానికేముందమ్మా. ఆయన మానేస్తున్నాడుగా."

"ఆయన మానేస్తున్నారు. మీరు?"

కొసారా గుడ్డను రెండు మడతలు పెట్టింది, నాలుగు పెట్టింది. "నాకు యాభై తొమ్మిది," అంది చివరికి, ఎవరో వయసు అడిగినట్టు. "ఆ నడుం మడత చూశావు కదా. పొట్టమీదనుంచి తోస్తే పలచబడదని నాకు రెండో ఏడు తెలిసింది. రెండు పక్కలా తోసి మళ్ళీ మొదటి పక్కకు రావాలని తెలిసింది మొన్న వేసవిలో. ఇంకా ఏవో ఉన్నాయి. భుజం దగ్గర నాకు ఇంకా తృప్తిగా రావట్లేదు. ఇప్పుడిప్పుడే..." గుడ్డ పళ్ళెం మీద పెట్టింది. "లేదు. నాకిష్టం లేదు."

గుమ్మంలో మాస్టారు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"కొసా," అన్నాడు, ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, "నీకోసమే కదే అమ్ముతోంది. నువ్వు అలిసిపోయావని."

"ఎవరు చెప్పారు?"

"రోజూ సాయంత్రం నడుం పట్టుకుని కూర్చుంటావు. నా మూలాన ఎనిమిదేళ్ళు చాకిరీ చేశావు, ఇక చాలు, కూర్చోనిద్దామని."

"నడుం నొప్పి ఆ మూల వల్ల. పక్కకు మెలి తిరిగి రేకు తిప్పాలి." గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నువ్వు మానేశాక నేను చేస్తూ కూర్చుంటే నీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నా."

"నాకా?"

"మరి నాకా?"

మాస్టారు ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చి మోకాలి మీద ఆడుతోంది. ఆయన దాన్ని దాచలేదు. "ఫొటో అప్పుడు చెప్పబోయాను," అన్నాడు. "నువ్వే మాట తుంచేశావు." తర్వాత తియానా వైపు తిరిగి కాగితం చూపించాడు. "అమ్మాయ్, తప్పు నాది. దీని మీద సంతకం పెట్టాల్సింది నేను కాదు. ఆవిడ పెట్టనంటోంది."

తియానా తల ఊపింది. తనే అడిగింది, తనకే చెప్పారు. అయినా పదకొండు అచ్చులూ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. దోబ్రిలా తల్లికి సోమవారం ఏం చెప్పాలి? విదోయె గోడవైపు తిరిగి, చాలా శ్రద్ధగా, స్పానర్ మీద లేని మురికిని తుడుస్తున్నాడు.

"మీ పిల్లలెంతమంది ఆగి ఉన్నారు?" అడిగింది కొసారా.

"పదకొండు మంది."

"అచ్చులు బాగున్నాయా? బీటలేమీ లేవుగా?"

"లేవు."

"అయితే ఇక్కడికి తెచ్చెయ్. కొలత నీది, దించడం నాది. నాలుగు రోజుల పని. నువ్వే వచ్చి రెండో చివర పట్టుకుంటే ఇంకా మంచిది. నిన్న లాగలేదు నువ్వు. అందరూ లాగుతారు."

తియానాకు ఇంత దూరం వచ్చినందుకు దక్కిన మెప్పు అదొక్కటే.

"లైసెన్సు నా పేరు మీద ఉంది, డిసెంబరుతో సరి," అన్నాడు మాస్టారు.

"నాకుంది," అంది తియానా. "మా షాపు పేరు మీద నడుపుదాం, ఇక్కడి పిల్లలవి కూడా. ఇస్క్రా క్రాగుయెవాత్స్ రానక్కర్లేదు. పదిహేను రోజులకోసారి నేనే వస్తా. వెన్ను చూడ్డానికి మాస్టారుంటారు. కవచం లోపలి చీటీ మీద మాత్రం చేసినవాళ్ళ పేరు రాయాలి. మీ పేరు."

"నా పేరెందుకమ్మా?"

"రూలు."

కొసారా విదోయెను చూసింది. అలాంటి రూలేదీ లేదని విదోయెకు బాగా తెలుసు. "రూలే పిన్నిగారూ," అన్నాడు. "చాలా గట్టి రూలు. మొన్న ఒకాయనకి జరిమానా కూడా వేశారు." అని, బోల్టులు చేతిలో గలగలలాడించుకుంటూ ఓవెన్ దగ్గరికి నడిచాడు. "ఇక మళ్ళీ మూలలోకి తోసేస్తా. ఎక్కడ తీశానో అక్కడే పెడతా. ఇలాంటి బేరం నా జన్మలో చేయలేదు."

"ఆగబ్బాయ్," అంది కొసారా. "మూలలోకి వద్దు. ఇటు, కిటికీ దగ్గరికి. రెండు పక్కలా మనిషి నిలబడేట్టు."

"అక్కడ నా బల్ల ఉంది," అన్నాడు మాస్టారు.

"ఉంది. జరుగుతుంది."

మాస్టారు లేచి, బల్ల మీద ఎక్స్‌రేలు, కళ్ళద్దాలు ఎడమచేత్తో ఒక్కొక్కటే తీసి పెట్టి, తియానా ఒక చివర పట్టుకుంటే తను రెండో చివర పట్టుకుని బల్లను ఖాళీ అయిన మూలకు చేర్చాడు. విదోయె గొట్టాల మీద ఓవెన్‌ను కిటికీ వైపుకు దొర్లించాడు. కొసారా దాని ముందు నిలబడి పళ్ళెం లాగింది, తోసింది. అవతలి పక్కకు వెళ్ళి అక్కడినుంచి లాగింది, తోసింది. నడుం మెలి తిరగలేదు. మధ్యాహ్నపు ఎండ పళ్ళెం మీద పడి మేకులన్నీ కనబడుతున్నాయి.

"ఇంకో బెత్తెడు," అంది.

విదోయె భుజం పెట్టాడు.